చేవ, తెల్లచెక్క

(సొంటి కామేశంగారి సంస్మరణార్థము చేసిన ఉపన్యాసము)



ఒక శాస్త్రజ్ఞుని సంస్మరించుటకు సభ కూడినప్పుడు ఆయన వంశమును, విద్యను, బిరుదములను సవిస్తరముగ కీర్తించి, ఆయన చేసిన పనిని ముగింపులో రెండు మాటలతో సరిపెట్టుట మన సభలలో పరిపాటి. ఆ పరిపాటిని నేడు కొంచెము తప్పుటకు మీ యనుమతి వేడుచున్నాను. సొంటి కామేశంగారు డెహ్రాడూనునందలి అటవీ పరిశోధన సంస్థలో పనిచేయుచు, 1933లో, క్రోమియము, రాగి, ఆర్సెనిక్ అను మూడింటి లవణములను కలిపి, కలపకు కుళ్లును, పుచ్చును, చెదలును దరిచేరనీయని ద్రావణమొకటి కనిపెట్టిరి. మఱుసటి సంవత్సరము దానికి బ్రిటనులో పేటెంటు లభించెను. ‘ఆస్కు’ అను పేర వెలసిన ఆ ద్రావణము పలుదేశములలో తంతిస్తంభములకు, కంచె గుంజలకు, రేవుకట్టడములకు, ఇంటి పెరటి వసారాలకు కూడ వ్యాపించి, ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున లోకమునందు మిక్కిలి వాడుకలోనున్న దారుసంరక్షకములలో నొకటి అయ్యెను. ఆ పని విలువ తెలియవలెనన్న, దానికి ఎంతో పూర్వమే వృక్షము తన దేహములో చేసికొన్న యేర్పాటొకటి తెలియవలెను. అందుచే కామేశంగారిని తలచుకొనుటకు చెట్టును వర్ణించెదను. చేవ ఏమో, దానిని చుట్టియున్న తెల్లచెక్క ఏమో, ఆ రెండింటికిగల భేదమేమో, ఆ భేదము వెనుకనున్న బాంధవ్యమేమో విన్నవించెదను.

కోతమిల్లులో అప్పుడే అడ్డముగ కోసిన టేకు దుంగను చూచినవారికి ఈ భేదమును వేఱుగ బోధింప నక్కఱలేదు. వెలుపల బెరడు, దాని లోపలి పొరలో, ఆకులు సిద్ధపఱచిన ఆహారము క్రిందికి దిగు మార్గము, దానికావల, కంటికి కానరానంత పలుచనిదై, ఏటేట వెలుపలికి బెరడును లోపలికి కఱ్ఱను పుట్టించుచు చెట్టును లావుచేయు కణముల పొర, దానికి లోపల పాలిపోయిన వన్నెగల తెల్లచెక్క, ఇంకను లోపల బంగారుఛాయ గల గోధుమవన్నె చేవ, నట్టనడుమ, మొక్కనాటి గుర్తుగ మిగిలిన దవ్వ. వృక్షశాస్త్ర గ్రంథములు తెల్లచెక్కను రసదారువనియు, చేవను చేవదారువనియు వ్యవహరించును. వడ్రంగి ఈ పేర్ల నెఱుగకపోయినను, ద్వారబంధమునకు చేవను ఉంచి, తెల్లచెక్కను బాడిసతో చెక్కివేయుట ఎఱుగును. భేదము అతనికి తరతరములుగ తెలిసినదే. దాని కారణము తెలియుటకు మాత్రము సూక్ష్మదర్శినియు, రసాయనశాస్త్రమును పుట్టవలసివచ్చెను.

మొదట తెల్లచెక్కను విచారింతము. తెల్లచెక్క బ్రతికియున్న భాగము, చేవ చచ్చిన భాగము అని పాఠశాలలో మనమందఱము చదివియున్నాము. ఇందు సగమే సత్యము. చేవలో జీవకణమొక్కటియు ఉండదనుట నిజమే; కాని తెల్లచెక్కలోను అధికభాగము మృతమే. వేళ్లు పీల్చిన నీటిని ఆకులకు చేర్చు నాళములు, పుట్టిన స్వల్పకాలమునకే తమ గోడలను మందము చేసికొని, లోపలి జీవద్రవ్యమును పోగొట్టుకొని, బోలు గొట్టములై, అప్పటినుండి మాత్రమే తమ విధిని నిర్వర్తించును. బలమునిచ్చు నారలలో పెక్కింటి గతియు నదియే. ఈ గొట్టముల నడుమ నిలువుగను, బెరడునుండి దవ్వవైపునకు అడ్డముగను అల్లుకొనియున్న మృదుకణములే తెల్లచెక్కలో నిజముగ జీవించియున్నవి. వాని సంఖ్య తక్కువయైనను వాని పని గొప్పది: ఆకులు అక్కఱకుమించి సంపాదించిన పిండిపదార్థమును గాదెలోవలె దాచియుంచి, ఆకురాలుకాలము గడచి చిగురు తొడుగునపుడును, కొమ్మ విఱిగి గాయము మానవలసివచ్చినపుడును దానిని వెలికిదీయును.

నీరు చెట్టెక్కుటకు ఈ జీవకణములు తోడ్పడవలెనా అను వివాదము చాలకాలము నడచినది. ఆంగ్లదేశమున స్టీఫెన్ హేల్స్ 1727లో ప్రకటించిన గ్రంథమున, ఆకులనుండి నీరు ఆవిరియై పోవుటయే వేళ్లనుండి నీటిని పైకి లాగుటకు కారణమని ప్రయోగములతో సూచించియుండెను. ఆ తరువాత నూటయేబదియేండ్లకు పైబడి, జర్మనీదేశమున ఎడ్వర్డ్ స్ట్రాస్‌బుర్గర్ ఎత్తైన ఓక్ చెట్టును మొదలంట కోయించి, తెగిన మొదటిని విషద్రావణపు తొట్టిలో నిలిపెను. విషము తాను ఎక్కిన దారిలోని జీవకణములను చంపుచునే చెట్టు కొనవఱకు పోయెను. నీరెక్కుటకు జీవకణముల బలము అక్కఱలేదని దానితో తేలినది. 1894లో డబ్లిన్ నగరమున డిక్సన్, జోలీ అను నిరువురు, నాళములలోని నీటి అణువులు ఒకదానినొకటి విడువక పట్టుకొనుటచే నీటి స్తంభము తెగక పైకి లాగబడునని సిద్ధాంతీకరించిరి. నేటికిని శాస్త్రలోకము అంగీకరించు వివరణ ఇదియే.

ఐతే ఆ నీటి త్రోవ తెల్లచెక్కలోనే కాని చేవలో లేదనుటకు ప్రయోగశాలకంటె బర్మా అడవులు మంచి సాక్ష్యము నిచ్చును. పచ్చి టేకు నీటిలో మునుగును. కావున నరికిన దుంగలను ఏటిలో వదలి రంగూనుకు చేర్చుట సాధ్యముకాదు. అందుచే అక్కడి అటవీశాఖవారు నరుకుటకు ఇంచుమించు మూడేండ్లు ముందుగనే, చెట్టు మొదట చుట్టును గాడిచేసి, బెరడుతోపాటు తెల్లచెక్కను పూర్తిగ తెగగొట్టి, చేవను ముట్టక విడిచెడివారు. చెట్టు నిలిచినదానివలెనే నిలిచియుండును. చేవ నిండుగ, దృఢముగ మొదటినుండి కొనవఱకు అవిచ్ఛిన్నముగ ఉండును. ఐనను ఆకులు వాడి, చెట్టు చచ్చి, నిలువుననే ఎండి, నీట తేలునంత తేలికయగును. తరువాత దానిని కూల్చి, ఏనుగులచే వాగులకు లాగించి, వరదలు వచ్చినప్పుడు ఐరావతీ నదికి విడిచెడివారు. వలయాకారమైన ఆ గాడి చేవకును తెల్లచెక్కకును మధ్యనున్న శ్రమవిభాగమును ఏ గ్రంథముకంటెను స్పష్టముగ చూపుచున్నది. చేవ ఎంతయున్నను, ఒక్క ఆకునకు ఒక్క చుక్క నీటిని అందింపలేకపోయినది.

మఱి చేవ ఎట్లు పుట్టుచున్నది? చెట్టు ఏటేట వెలుపలివైపున క్రొత్తకఱ్ఱను చేర్చుకొనుచుండుటచే, ఒకనాడు బెరడుక్రింద తళతళలాడిన పొర కొన్నియేండ్లకు లోతున పడిపోవును. అక్కడి మృదుకణములు తుదిదశకు వచ్చినప్పుడు నిశ్చేష్టముగ నశింపవు. దాచిన పిండిపదార్థమును ఖర్చుపెట్టి, దానినుండి రంగుగలవియు, చేదైనవియు, వాసనగలవియు, శిలీంధ్రములకును పురుగులకును విషమైనవియునగు నానావిధ రసాయనములను సంతరించి, వానిని ఇరుగుపొరుగు నాళముల గోడలలోనికిని బోలులోనికిని ప్రసరింపజేసి, అప్పుడు చనిపోవును. పెక్కు జాతులలో ఆ మృదుకణములే గోడకంతలగుండ ఉబ్బి నాళములోనికి పొడుచుకొనివచ్చి, ఆ త్రోవను మూసివేయును. తెల్ల ఓక్ కఱ్ఱతో చేసిన పీపాలలోనుండి ద్రాక్షాసవము కాఱకుండుట ఈ మూతలవలననే. ఎఱ్ఱ ఓక్ కఱ్ఱలో నివి కొఱతపడుటచే అది పీపాలకు పనికిరాదు. ఇట్లు తెల్లచెక్కలోని కడపటి జీవకణములు తమ మరణసమయమున చేసిన కృత్యమునకు ఫలితమే చేవ. తెల్లచెక్కగ నుండక చేవయైన కఱ్ఱ లేదు. ఏ చెట్టులోను చేవనుండి చేవ పుట్టలేదు.

చెట్టు తన కఱ్ఱనంతను పనిలో నుంచుకొనక ఎందులకిట్లు విరమింపజేయును? జీవకణములను పోషించుటకు ఆహారము వ్యయమగును. బోలు నాళములలో గాలి చొరబడి నీటి స్తంభము తెగుచుండును. ఎన్ని ఆకులున్నవో అన్నిటికి నీరందించుటకు చాలినంత తెల్లచెక్కను ఉంచుకొని, తక్కినదానిని చేవచేసివేయుట చెట్టునకు లాభము. 1964లో జపాను శాస్త్రజ్ఞుడు షినోజాకీయు, ఆయన సహచరులును ఆకుల రాశికిని, వానిని మోయు గొట్టముల మొత్తమునకును ఒక నిష్పత్తి కలదని నిరూపించిరి. ఒకే జాతి చెట్లలో ఆకుల విస్తీర్ణమును తెల్లచెక్క విస్తీర్ణమును ఇంచుమించు జతగ పెరుగుటకు కారణ మిందువలన బోధపడినది. జాతిభేదమున ఈ పరిమాణము మిక్కిలి మారును. అమెరికాదేశపు బ్లాక్ లోకస్ట్ చెట్టు రెండుమూడు వలయముల తెల్లచెక్కతోనే సరిపెట్టుకొనును. అదే దేశమున మేపుల్ చెట్టులో తెల్లచెక్క చాల మందముగ ఉండవచ్చును.

ఇక్కడ లోకమున పాతుకొనిన భ్రమనొకదానిని తొలగింపవలసియున్నది. చేవ యన్నంతనే బలమని మన మనుకొందుము. చేవగల మనిషియని పొగడుదుము. కాని ఒకే చెట్టునుండి చేవముక్కను, తెల్లచెక్క ముక్కను తీసి, సమానముగ ఆరనిచ్చి, యంత్రముపై వంచి విఱిచి చూచినచో, రెంటికి బలములో సాధారణముగ చెప్పదగిన తేడా కానరాదు. ఇది ఆశ్చర్యము గొలుపవచ్చును కాని, విచారించినచో సహజమే: కఱ్ఱకు బలమునిచ్చునవి కణముల గోడలు, ఆ గోడలు కణము పుట్టిననాడే కట్టబడినవి, చేవగ మారునపుడు క్రొత్తగోడ ఏదియు లేవలేదు. చేరినవి రసాయనములు మాత్రమే. కావున చేవకుగల అసలైన గుణము మన్నిక. చెట్టు నిలిచియుండుటకు సైతము చేవ అనివార్యము కాదు. నడుమ తొఱ్ఱపడి, చేవయంతయు పుచ్చి రాలిపోయిన ముదుసలి చింతచెట్లు ఏటేట కాయలు కాయుచుండుట మన పల్లెలలో ఎఱుగనివారు లేరు. చేవపోయిన చెట్టు బ్రతుకును. తెల్లచెక్క తెగిన చెట్టు బ్రతుకదు.

తెల్లచెక్క మన్నకపోవుటకు కారణము దాని జీవలక్షణమే. లోపల దాచిన పిండిపదార్థము చెట్టునకు ఆహారమైనట్లే పురుగునకును ఆహారము. కలపను పొడిచేయు పుచ్చుపురుగు తెల్లచెక్కలోని నాళముల కంతలను వెదకి, అందులో గ్రుడ్లు పెట్టును. పిల్లలు పిండిపదార్థమును తినుచు లోపలినుండి తొలిచి, పైకి సన్నని పొడి రాల్చును. చేవను చేరినచోట ఆగిపోవును. కొట్టిన కలపను, వెదురును చెఱువులో నెలలతరబడి నానవేయుట మన రైతుల పూర్వాచారము. నీటిలో ఆ పిండియు చక్కెరయు కఱగి, పులిసి పోవుటచే పురుగునకు ఆకర్షణ తగ్గును.

చేవలోని రసాయనములు ఎంత వైవిధ్యము గలవో తెలిసికొనుటకు మన యడవులే చాలును. చండ్ర చేవను ముక్కలు కొట్టి, నీట కాచి, చిక్కబఱచిన సారమే తాంబూలమును ఎఱ్ఱబఱచు కాచు. ఆకును బీడీలకు ఇచ్చు తుమికిచెట్టే లోపల నల్లని చేవను దాచుకొనియుండును. శ్రీగంధపు పరిమళతైలము చేవలోనిదే. తెల్లచెక్కకు ఇంచుమించు వాసనయే ఉండదు. వేళ్లలో తైలము మెండగుటచే ఆ చెట్టును నరుకక వేళ్లతో పెకలింతురు. టేకునకు చెదలు భయపడుట దాని చేవలోని టెక్టోక్వినోను వంటి పదార్థములవలన. ఇవన్నియు ఒక యెత్తు, ఎఱ్ఱచందనము ఒక యెత్తు. తూర్పుకనుమల దక్షిణభాగమున, శేషాచలము, వెలిగొండ, పాలకొండ, లంకమల ప్రాంతములలో తప్ప లోకమున మఱెక్కడను సహజముగ పెరుగని ఈ చెట్టు, రాతినేలలో, కొలదివానలతో, దశాబ్దములపాటు మెల్లగ పెరిగి, శాంటలిన్ అను రక్తవర్ణద్రవ్యముతో నిండిన చేవను కూర్చుకొనును. చైనాలో విలాస గృహోపకరణములకును, జపానులో షమిసేన్ అను తంత్రీవాద్యపు మెడకును దానిని కోరుదురు. దొంగతనముగ నరుకువారు అడవిలోనే తెల్లచెక్కను చెక్కివేసి, చేవను మాత్రమే మోసికొనిపోవుదురు. 1995లో ఈ జాతి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్యపు ఒడంబడికలో రెండవ అనుబంధమున చేర్పబడినది. చెట్టు పురుగునుండి తన్ను కాపాడుకొనుటకు కూర్చుకొన్న చేవయే మనుష్యుని గొడ్డలిని పిలిచినది.

ప్రతి చెట్టును ఇట్టి రంగుచేవను కూర్చుకొనునని అనుకొనరాదు. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికికిని, వరాహనదీతీరమున ఏటికొప్పాక లక్కపిడతలకు వాడు అంకుడుకఱ్ఱకును లోపలివఱకు తెల్లనివన్నెయే. ఉలికి మెత్తగ లొంగుట, తరిమెనపై నున్నగ తిరుగుట, రంగును లక్కను చక్కగ పట్టుట — ఇవి ఆ కఱ్ఱల సుగుణములు. ముదురురంగు చేవయున్నచో ఆ బొమ్మల కళయే వేఱుగ నుండెడిది. తాటిచెట్టు సంగతి మఱింత విచిత్రము. అది ఏటేట లావెక్కు జాతి కాదు. దానికి వలయములును లేవు, ఇంతవఱకు చెప్పిన అర్థమున చేవయును లేదు. నారకట్టలు వెలుపలివైపున దట్టముగ క్రిక్కిఱిసియుండుటచే గట్టిదనము బయట, మెత్తదనము లోపల. ముదురుతాటి వెలుపలిభాగమును దూలములకు, వాసములకు చీల్చుకొని, నడిమిభాగమును త్రోసివేయు మన పల్లెల వడ్రంగి, టేకునకు చేయు పనికి పూర్తిగ విరుద్ధమైన పనిని, అంతే వివేకముతో చేయుచున్నాడు.

ఇక కామేశంగారి పనికి వత్తము. కలప మన్నికను నిర్ణయించు భారతీయ ప్రమాణము, నేలలో పాతిన చేవముక్కల సగటు ఆయువు 120 నెలలు దాటినచో ఉత్తమమనియు, 60 మొదలు 120 నెలలైన మధ్యమమనియు, 60 నెలలలోపైన అధమమనియు విభజించినది. ఈ తరగతులన్నియు చేవకే. తెల్లచెక్క ఏ జాతిదైనను, అది టేకుదైనను సరే, మన్నిక లేనిదిగనే ఎన్నబడును. రైలుదారుల క్రింది దిమ్మెలకును, తంతిస్తంభములకును లక్షలకొలది చెట్లు కావలసివచ్చిన పందొమ్మిదవ శతాబ్దమున, చేవగల వృద్ధవృక్షములను మాత్రమే నమ్ముకొనినచో అడవులు మిగులవని ఐరోపావారు గ్రహించిరి. ఇంచుమించు ఒకే కాలమున, 1838 ప్రాంతమున, ఇంగ్లండులో జాన్ బెథెల్ కఱ్ఱను మూసిన పాత్రలో నుంచి గాలితీసి, ఒత్తిడితో క్రియోజోటు నూనెను ఎక్కించు పద్ధతిని, ఫ్రాన్సులో బూషెరీ యను వైద్యుడు పచ్చిదుంగ ఒకకొననుండి మైలతుత్థ ద్రావణమును పంపి లోపలిరసమును వెడలగొట్టు పద్ధతిని ప్రవేశపెట్టిరి. బూషెరీ పద్ధతి తెల్లచెక్కలోని నీటి త్రోవను మనుష్యుడు తన పనికి వాడుకొనుటయే. కాని మైలతుత్థము నీట కఱగునది. వానలకు అది మెల్లగ కొట్టుకొనిపోయెడిది. నూనె నిలుచును కాని వాసనయు, జిడ్డును, మంటయు దాని దోషములు.

ఈ చిక్కును విడదీసినది కామేశంగారి సమ్మేళనము. నీటితో లోపలికి పోవలెను, లోపలికి పోయినపిదప నీటికి లొంగరాదు — ఇదిగదా కోరిక. క్రోమియపు లవణమైన బైక్రోమేటును కలుపుటచే అది కఱ్ఱలోని పదార్థములతో చర్యనొంది, తాను రూపుమాఱి, రాగిని ఆర్సెనిక్కును కఱగని సమ్మేళనములుగ కణముల గోడలకే బిగించివేయును. రాగి శిలీంధ్రమును అడ్డును. ఆర్సెనిక్ చెదలును, పురుగును, రాగికి లొంగని శిలీంధ్రములను కూడ అడ్డును. క్రోమియము ఆ రెండింటిని నిలిపియుంచును. చెట్టులోని మరణోన్ముఖ కణము చేయు పనితో దీనిని సరిపోల్చి చూడుడు. అదియు గోడలలోనికి విషమును ప్రసరింపజేసి, అక్కడనే నిలుచునట్లు చేయుచున్నది. అది దశాబ్దములలో చేయుపనిని ఈయన కొలదిగంటల ఒత్తిడితోను, కొలదిదినముల నిలువతోను సాధించిరి. ఇంకొక విశేషము గమనింపదగినది: ఈ మందు బాగుగ పట్టునది తెల్లచెక్కకే. చేవలో త్రోవలు మూసికొనియుండుటచే అది మందును లోనికి రానీయదు. ఏ త్రోవలు తెఱచియుండుటచే తెల్లచెక్క కుళ్లునకు లోనగుచున్నదో, ఆ త్రోవలే దానికి రక్షణను తెచ్చిపెట్టినవి.

ఈ కీర్తికి తోడుగ ఒక హెచ్చరికను కూడ చెప్పకపోయినచో శాస్త్రజ్ఞుని సంస్మరణ సత్యముకాదు. ఆర్సెనిక్ విషము; క్రోమియపు ఒక రూపమును విషమే. పిల్లలు ఆడుకొను ఉయ్యాలకొయ్యలకును, భోజనపు బల్లలకును అట్టి కఱ్ఱ తగదను భయము బలపడి, 2003 ముగియునాటికి అమెరికాలో నివాసగృహముల వాడుకకు దానిని తయారీదారులే విరమించుకొనిరి. ఆర్సెనిక్ లేని రాగి సమ్మేళనములు, బోరాన్ లవణములు దానిస్థానమున వచ్చినవి. ఐనను తెల్లచెక్కను మన్నునట్లు చేయుట ఎట్లు అని కామేశంగారు వేసిన ప్రశ్న అట్లే నిలిచియున్నది. సమాధానములోని ఒక ద్రవ్యము మాఱినది. ప్రకృతిలోని చేవరసాయనములును మన యారోగ్యమునకై చేయబడినవి కావు. వానిలో కొన్నింటి పొడిని పీల్చిన వడ్రంగులకు ఉబ్బసమును, దురదయు కలుగుట ఎఱిగినదే.

కామేశంగారి ఈ ప్రశ్న నేడు మనకు మఱింత ఆవశ్యకము. తోటలలో ఇరువది, ముప్పది యేండ్లకే నరుకు టేకులో, శతవర్షముల అడవిటేకుతో పోల్చినచో, తెల్లచెక్క పాలు సహజముగనే హెచ్చు. అట్టి కలపను హీనమని త్రోసివేసి, తలుపునకు, కిటికీకి, మంచమునకు కూడ ‘పూర్తిచేవ’ కావలెనని పట్టుబట్టుట గృహస్థుని గౌరవముగ చెల్లుచున్నది. ఆ పట్టుదలకు మూల్యము చెల్లించునది అడవిలోని వృద్ధవృక్షము. ఇంటిలోపల, నీడలో, తడి తగలనిచోట నుండు వస్తువునకు చేవ అక్కఱలేదు. బలము రెంటికి సమానమని చెప్పియున్నాను. పురుగును అడ్డుటకు బోరాన్ లవణముల శుద్ధి చాలును. నేలలో పాతు గుంజకును, వానకు తడియు ద్వారమునకును మాత్రమే చేవగాని, మందెక్కించిన తెల్లచెక్కగాని కావలెను. ఈ విచక్షణను ఇంజనీరింగు పాఠశాలలలోను, గృహనిర్మాణశాఖల నిబంధనలలోను చేర్పించుట అసాధ్యమైన కార్యము కాదు.

మనుష్యులవిషయమున చేవను పొగడు మనము, చేవకు కారణమైన తెల్లచెక్కను పేరెత్తకుండుట అలవాటు చేసికొంటిమి. నిలిచిన కీర్తి కంటికి కానవచ్చును. దానిని పోషించిన దైనందిన శ్రమ కానరాదు. కామేశంగారు తమ పరిశ్రమను ఈ నిరాదృత భాగమునకు వినియోగించి, అదియు మన్నికకు అర్హమేయని ఋజువుచేసిరి. ఆయన పేర మనము చేయదగిన మేలైన పని, కలపను కొనునప్పుడు రంగును చూచి కాక ఉపయోగమును చూచి కొనుట. శేషాచలపు చెట్లను శేషాచలముననే నిలువనిచ్చుట.